కోతికి తగలకూడని తుపాకీ

మా ఆయన గాలి తుపాకీ కొనుక్కొచ్చిన రోజు మామయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి గురి బాగా కుదురుతుందా?" అని అడిగారు. బ్రహ్మాండంగా కుదురుతుందన్నారు ఈయన. "అయితే సరే. కోతికి మాత్రం తగలకూడదు," అన్నారు మామయ్యగారు. తగలకుండా ఉండటానికి తుపాకీ కొన్న ఇల్లు నూజివీడు మొత్తం మీద మాది ఒక్కటే అయ్యుంటుంది.

అసలు సంగతి చెప్పాలి. రెడ్డిగూడెం వైపు వెళ్ళే దారిలో మాకు చిన్న మామిడితోట ఉంది, తోటలోనే ఇల్లు. మా ఆయన బ్యాంకులో పని చేస్తారు, నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మామయ్యగారు చిన్నప్పటి నుంచీ ఆంజనేయస్వామి గుడిలో అర్చకత్వం చేశారు. మోకాళ్ళు మొరాయించాక గుడి మానేసి, ఇప్పుడు ఇంటి అరుగు మీద పడక్కుర్చీలోనే స్వామిని తలుచుకుంటూ గడుపుతున్నారు. అలాంటి మనిషి ముందు కోతి మీద రాయి ఎత్తితే ఇంకేమన్నా ఉందా?

తోటంతా బంగినపల్లి, కలెక్టరు కాయలే. వాటిని పూత మీదే వ్యాపారి మాట్లాడేసుకుంటాడు, కాపలా కూడా అతనిదే, కాబట్టి వాటి బెంగ మాకు లేదు. మా బెంగంతా అరుగుకి ఎదురుగా, తోట చివర ఉన్న ఒకే ఒక్క చిన్నరసం చెట్టు గురించి. అది మా అత్తగారు తిని పారేసిన టెంక నుంచి మొలిచింది. మొలిచినప్పటి నుంచీ ఆవిడ దానికి నీళ్ళు పోసి, కంప కట్టి, మా ఆయన్ని పెంచినదానికన్నా గారంగా పెంచారు. ఆవిడ రసం తినడం చూసి తీరాలి. రెండు చేతుల మధ్యా పండుని మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి పక్కకి ఉమ్మేసి, మొదటి చుక్క సొన నేల మీద పిండేసి, కళ్ళు మూసుకుని జుర్రేవారు. ఆ కాసేపూ ఇంటికి చుట్టాలొచ్చినా సరే పలికేవారు కాదు.

కోతుల బాధ అప్పుడూ ఉండేది. కానీ ఆవిడ దగ్గర ఒక ఆయుధం ఉండేది. పాత ఇనప అట్లపెనం. కోతులు దిగాయంటే చాలు, ఎడమ చేత్తో పెనం, కుడి చేత్తో అట్లకాడ పట్టుకుని చెట్టు కిందకి వెళ్ళి ఖంగుఖంగుమని వాయించేవారు. నోటితో కూడా ఊరుకునేవారు కాదు, "మీ అయ్య గుడి అక్కడుంటే ఇక్కడేం పనే మీకు?" అని తిట్టేవారు. కోతులు తోకలెత్తుకుని పారిపోయేవి. మామయ్యగారు గుళ్ళోంచి వచ్చి, స్వామివారి బంధువుల్ని తిట్టద్దని బతిమాలేవారు.

ఆవిడ పోయి రెండేళ్ళు. వైశాఖంలో పోయారు, సరిగ్గా రసాలు పండే రోజుల్లో. మొదటి సంవత్సరీకానికి ఆవిడ చెట్టు పళ్ళే విస్తట్లో వెయ్యాలని మామయ్యగారికి కోరిక. మేమిద్దరం ఉద్యోగాలకి పోయేవాళ్ళం, ఆయనేమో చెట్టు దాకా నడవలేరు, ఇంకేముంది, కోతులు ఒక్క కాయ మిగల్చలేదు. ఆ రోజు బజారు నుంచి తెచ్చిన పళ్ళు వేశాం. అందరూ లేచాక మామయ్యగారు తన విస్తరి ముందు అలాగే కూర్చుండిపోయారు. పండు వంక చూశారు తప్ప ముట్టుకోలేదు. "ఆవిడ నవ్వుతుందే అమ్మాయ్, ఇంట్లో చెట్టు పెట్టుకుని కొనుక్కొచ్చారా అని," అన్నారు. వచ్చే ఏడు ఎలాగైనా సరే ఆ చెట్టు పండే వెయ్యాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

వల కట్టాం, చింపేశాయి. టపాసులు కాల్చాం, మామయ్యగారికి గుండె దడ వచ్చింది, కోతులకి రాలేదు. నేను పెనం వాయించాను, కొమ్మ మీద కూర్చుని పేలు చూసుకుంటూ విన్నాయి. అప్పుడు మా ఆయనకి ఆలోచన వచ్చింది. పెనాన్ని రసం చెట్టు కొమ్మకి వేలాడగట్టి, అరుగు మీద నుంచే తుపాకీతో దాన్ని కొడితే? దగ్గర్లో ఎవరూ లేకుండా పెనం దానంతటదే ఖంగుమంటే కోతులు హడలిపోవూ? ఈయనకి ఏడాదికోసారి మంచి ఆలోచన వస్తుంది, అది ఇదేనని ఒప్పుకున్నాను.

కాల్చేది నేను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిలు పట్టిన చెయ్యి నాది. మా ఆయనకి దగ్గరి చూపుకో అద్దాలు, దూరపు చూపుకో అద్దాలు, రెండూ ఎక్కడ పెట్టారో వెతకడానికి నేను. కానీ వట్టి కంటితో అంత దూరాన పెనం నాక్కూడా ఆనలేదు. గుండు ఆకుల్లోంచి దూసుకుపోయిన ప్రతిసారీ మామయ్యగారు కళ్ళు మూసుకుని స్వామిని పిలిచేవారు. "కనపడేట్టు ఏదన్నా దుర్భిణీ బిగించుకోండర్రా," అన్నారు చివరికి.

అలా స్కోపు వచ్చింది. స్కోపంటే తుపాకీ నెత్తిన పెట్టే చిన్న దుర్భిణీ గొట్టం. దాన్ని తుపాకీకి పట్టి ఉంచేవి రెండు రింగులు. పైన గొట్టాన్ని చుట్టుకుంటాయి, కింద దవడల్లాంటి బిగింపులతో తుపాకీ మీదున్న గాడిని కరుచుకుంటాయి. విజయవాడ కొట్లో "ఏ రింగులు కావాలండీ?" అని అడిగితే మా ఆయన "మంచివి ఇవ్వండి" అన్నారట, వంకాయలు కొన్నట్టు! వాడు మంచివే ఇచ్చాడు, కానీ అవి వెడల్పు గాడికి పట్టే రింగులు. మా తుపాకీది సన్నటి గాడి. ఎంత బిగించినా దవడలు గాల్లోనే ఉన్నాయి.

"కొలవకుండా ఎలా కొంటారండీ?"

"రింగులే కదా అనుకున్నానే."

"పెళ్ళిలో నా వేలికి ఉంగరం కూడా ఇలాగే తెచ్చారు."

"అది ఇప్పుడెందుకులే," అని ఆ వారమే వెళ్ళి మార్చుకొచ్చారు.

రెండో జత గాడికి పట్టింది, గొట్టానికీ పట్టింది. కానీ ఎత్తు! ముందు అద్దం పెద్దదిగా ఉంది, ఎక్కడ తుపాకీకి తగులుతుందోనని కొట్లో ఉన్న వాటిలోకెల్లా పొడుగువి ఏరుకొచ్చారు. గురి చూసేటప్పుడు చెంప తుపాకీ కర్ర మీద ఆనాలి, అప్పుడే తల కదలదు. ఈ రింగులతో చెంప ఆనిస్తే స్కోపు నా కనుబొమ్మల పైన ఉంది. కంటికి స్కోపు అందాలంటే గడ్డం గాల్లో పెట్టి, పక్కింటి గోడ మీంచి తొంగి చూసినట్టు చూడాలి. రెండు రోజులకి మెడ పట్టేసింది. మామయ్యగారు జండూబామ్ ఇచ్చి, "ఆవిడకి ఇన్ని హంగులు లేవే, అట్లకాడ ఒక్కటే," అన్నారు.

ఈసారి నేనే వెళ్ళాను. గాడి వెడల్పు, గొట్టం లావు, అద్దం అంచుకీ తుపాకీకీ మధ్య ఉండాల్సిన జాగా, అన్నీ స్కేలుతో కొలిచి కాగితం మీద బొమ్మ గీసుకుని మరీ వెళ్ళాను. కొట్టతను బొమ్మ చూసి, "మేడమ్, మీరు పోటీలకి వెళ్తారాండీ?" అన్నాడు. "కాదండీ, కోతికి తగలకుండా కొట్టాలి," అన్నాను. అతను ఓ మాదిరి ఎత్తువి తీసిచ్చాడు.

చెంప చక్కగా ఆనింది. పెనం ఎదురుగా వచ్చి కూర్చున్నంత స్పష్టంగా కనిపించింది. కాల్చాను. తగల్లేదు! స్కోపు మరలు తిప్పి సరిచేసి మళ్ళీ కాల్చాను, ఒకటి తగిలింది, తర్వాతది ఎటో పోయింది. ఈ రకం తుపాకీలో లోపల బలమైన స్ప్రింగు ఉంటుంది, కాల్చిన ప్రతిసారీ ఎదురు తంతుంది. ఆ తన్నుకి రింగులు గాడిలో జారుతున్నాయి. ఉదయం సరిచేసిన గురి సాయంత్రానికి ఉండటం లేదు. కొట్టతనికి ఫోన్ చేస్తే, రెండు రింగులూ ఒకే దిమ్మ మీద ఉండే రకం ఉంది, దానికి జారకుండా అడ్డంగా ఒక చిన్న మేకు కూడా ఉంటుంది, అది వేసుకోండన్నాడు. అదీ వచ్చింది. అదీ జారింది. నా లెక్కల మీద నాకే అనుమానం వచ్చింది. కాయలేమో అప్పటికే నిండుగా తయారయ్యాయి. వేసవి సెలవులు మొదలయ్యాయి, తద్దినం దగ్గర పడుతోంది.

ఒక పొద్దున గుంపు దిగింది. నేను స్కోపులోంచి పెనాన్ని పట్టి, ఊపిరి బిగబట్టి కాల్చాను. పెనం మోగలేదు. దానికి జానెడు పక్కన కొమ్మ మీద పిల్లని పొట్టకి కరుచుకుని కూర్చున్న తల్లి కోతి చెవి దగ్గర ఒక ఆకు తెగి కింద పడింది. కోతి కదల్లేదు. ఆకు పడిన వైపు చూసి, తర్వాత తిన్నగా మా అరుగు వైపు చూసింది. స్కోపులో దాని కళ్ళు నా కళ్ళకి ఇంత దగ్గరగా ఉన్నాయి. తుపాకీ దించేశాను.

మామయ్యగారు ఎవరి సాయం లేకుండా కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ మోకాళ్ళతో ఎలా లేచారో నాకు తెలియదు.

"చాలమ్మా. ఆ పళ్ళు నాకొద్దు. బజారు పళ్ళే వేద్దాం."

అంతే, లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. మండితే నేను ఇంట్లో వాళ్ళని ఊరికే వదలను. మా ఆయన్ని పిలిచి, స్క్రూడ్రైవర్ తెమ్మని, ఈ దరిద్రాన్ని ఇప్పుడే ఊడదీసి కొట్టువాడి మొహాన కొడతానని అరుగు మీదే కూర్చున్నాను. దిమ్మ ఊడి వచ్చింది. దాని కింద, తుపాకీ గాడిలో, ఎండి పెచ్చుకట్టిన గంధం. దాని నడుమ ఎర్రగా కుంకుమ!

అప్పుడు వెలిగింది. మా ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు దేవుడి గది గడప దగ్గర పెట్టాలి. మిక్సీ అయినా, సెల్‌ఫోన్ అయినా, మామయ్యగారు స్వయంగా అరగదీసిన గంధం, మీద కుంకుమ పెట్టాకే వాడుకోవాలి. కొత్త రింగులు వచ్చినప్పుడల్లా మా ఆయన పాతవి ఊడదీసి, తుపాకీతో సహా గడప దగ్గర పెడుతున్నారు. మామయ్యగారు ప్రతిసారీ తుపాకీ నడినెత్తిన, సరిగ్గా గాడిలో బొట్టు పెడుతున్నారు. ఆరాక అది రాయిలా బిగుసుకుంటుంది, తుపాకీ తన్నినప్పుడల్లా కాస్త పొడై రాలుతుంది. దవడలు ఇనుముని పట్టుకోకుండా గంధాన్ని పట్టుకుంటే జారక చస్తాయా?

"ఇది బిగించేటప్పుడు మీకు కనపడలేదా?"

"కనపడింది."

"కనపడీ దాని మీదే బిగించారా?"

"బొట్టు ఎలా చెరుపుతానే?" అన్నారు మా ఆయన, ఎంతో న్యాయంగా. "పక్కకి పోకుండా జాగ్రత్తగా దాని మీదే పెట్టి బిగించాను. ప్రతిసారీ."

ఏమనాలి ఈ మనిషిని? తిట్టడానికి నోరు తెరిచి, తడిగుడ్డ తీసుకుని, గాడి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాను. నా చెయ్యీ ఆడలేదు. ఇంటి ఆడదాన్ని, చూస్తూ చూస్తూ పూజ చేసిన బొట్టు నేను మాత్రం ఎలా చెరపను? తుపాకీని మధ్యలో పెట్టుకుని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

మా గొడవకి మామయ్యగారు బయటికొచ్చారు. సంగతంతా విని తుపాకీ అందుకుని, తన భుజం మీది ఉత్తరీయం కొసని చెంబులో తడిపి, గాడంతా శుభ్రంగా తుడిచేశారు. మేము నోరెళ్ళబెట్టి చూశాం.

"గుళ్ళో రోజూ పొద్దున్నే స్వామికి నిన్నటి గంధం కడిగేగా ఇవ్వాళ్టిది పెట్టేవాణ్ణి. తుడవడం తప్పేంటర్రా? ఆ మాత్రం అడగచ్చుగా!" అన్నారు.

"మామయ్యగారూ, దీనికి నుదురు అది కాదండీ, ఇదిగో ఈ కర్ర," అని వెనక వైపు చూపించాను. "అలాగా!" అని అక్కడ పెట్టారు, పెద్దది. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి కాలుస్తానండీ, కోతులు లేనప్పుడు," అని బతిమాలాను. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. దిమ్మ బిగించాను, గురి సరిచేశాను, కాల్చాను. ఖంగ్! మళ్ళీ కాల్చాను. ఖంగ్! మామయ్యగారు కళ్ళు తెరిచారు. ఆ మొహం చూస్తే ఎవరో పిలిచినట్టు ఉంది. "అదే మోత," అన్నారు మెల్లగా.

ఆ రోజు నుంచీ నేను గురి తప్పలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఆకు కదిలితే చాలు ఖంగ్! కోతులు మా చెట్టు వైపు రావడమే మానేశాయి. మామయ్యగారు కుర్చీలోంచే "కొంచెం గట్టిగా తిట్టు కూడా, వాటికి అలవాటు," అనేవారు. నేను తిట్టేదాన్ని. రసాలు చెట్టు మీదే పండాయి. తద్దినం ముందు రోజు బుట్టెడు కోశాం.

తద్దినం రోజు అన్నీ సవ్యంగా జరిగాయి. నేను మడికట్టుకుని వంట చేశాను, మా ఆయన తడిపంచెతో తల్లికి పిండాలు పెట్టారు, భోక్తలు తృప్తిగా భోంచేసి రసాలు రెండేసి అడిగి వేయించుకున్నారు. తర్వాత పెరటి గోడ మీద ఆకు వేసి, కాకికి అన్నం ముద్ద, పక్కన ఒక రసం పెట్టాం. కాకి ముడితే ఆవిడకి అందినట్టు. ఆ తర్వాతే మేము తినాలి.

కాకి రాలేదు. మా ఆయన కావుకావుమని పిలిచారు. రాలేదు. అన్నం ఎండకి ఆరిపోతోంది. మామయ్యగారు స్తంభం పట్టుకుని నిలబడి ఆకాశం వంక చూస్తున్నారు. నాకు అప్పుడు తట్టింది, ఎన్ని రోజులైందో మా పెరట్లో కాకి అరుపు విని! కాకేం ఖర్మ, పిట్ట కూడా లేదు. ఆ పెనం మోతకి కోతులతో పాటు అన్నీ పోయాయి. ఇంత చేసి, ఆవిడ పండు ఆవిడకే అందకుండా చేశానా?

"మీ అమ్మకి కోపం వచ్చినట్టుందిరా," అన్నారు మామయ్యగారు.

అప్పుడు గోడ మీద ధబ్బుమని చప్పుడైంది. కోతి. పొట్టకి పిల్ల కరుచుకుని ఉంది. ఆకు దగ్గరికి వచ్చి కూర్చుంది. నేను మడిలో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి తుపాకీ వైపు అడుగేశాను.

"అమ్మాయ్, ఆగు!" అన్నారు మామయ్యగారు.

కోతి అన్నం ముట్టలేదు. రసం తీసుకుంది. రెండు చేతుల మధ్యా పట్టుకుని పిసికింది. తొడిమ దగ్గర కొరికి, పక్కకి ఉమ్మేసింది. తర్వాత జుర్రడం మొదలుపెట్టింది. మామయ్యగారు చేతులు జోడించబోయి, మధ్యలో ఆపేసి, ఒక్కసారి పకపకా నవ్వారు. నవ్వుతూనే ఉన్నారు, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"ఇన్నాళ్ళూ ఎవర్ని తోలామే అమ్మాయ్ మనం!"

కోతి టెంకని శుభ్రంగా చీకి, పెరట్లోకి విసిరేసి వెళ్ళిపోయింది. ఆ ఏడు మామయ్యగారు విస్తట్లో పండు ముట్టుకోవడమే కాదు, మారు అడిగి వేయించుకున్నారు.

మర్నాడు పెనం విప్పి వంటింట్లో దాని చోట తగిలించాను. కొన్నాళ్ళకి కాకులు తిరిగొచ్చాయి. మొన్న దసరాకి ఆయుధ పూజ అని మా ఆయన స్కోపూ దిమ్మా ఊడదీసి తుపాకీని గడప దగ్గర పెట్టారు. మామయ్యగారు గంధం గిన్నెతో వచ్చి, కర్ర వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, చక్కగా గాడిలోనే బొట్టు పెట్టారు.

ఆయన అటు వెళ్ళగానే మా ఆయన తడిగుడ్డ పట్టుకుని, "ఇప్పుడు తెలిసిందిగా, తుడిచేయనా?" అన్నారు.

"ఉండనివ్వండి," అన్నాను.